నాలుగు గంపల ఇంటి విత్తనం

కిందటి వారం నన్ను మీరు పంచాయతీ ఆఫీసు అరుగు మీద వదిలారు. 1983 జూలై, బుధవారం సాయంత్రం. నా జేబులో పత్తి సంఘం పెద్ద శేషయ్య రాసిన ఉత్తరం ఉంది. శుక్రవారం ఆళ్లగడ్డలో కట్టు సమావేశమవుతుందని, మా గుండ్లవాగును మళ్లీ చేర్చుకునే సంగతి మాట్లాడదామనీ, సర్పంచిగా నేను రావాలనీ దాని సారాంశం. శేషయ్య ముందు మా ఊరికి క్షమాపణ చెప్పాలి, ఆ తర్వాతే చేరేది అని నేను నలుగురి ముందూ గట్టిగా చెప్పి, అందరి చేతా అవుననిపించుకుని ఇంటిదారి పట్టాను. ఆ పూట నా అంత మగాడు జిల్లాలో లేడనుకున్నాను. ఆ మగతనం మర్నాడు పొద్దున్నే ఎలా దిగిపోయిందో ఈ వారం చెప్పాలి. రాయకుండా దాటేద్దామని రెండు రోజులు చూశాను గానీ, దాటేస్తే ఇక ఈ కథ మొదలుపెట్టిందే అబద్ధమవుతుంది.

కొత్తగా చదువుతున్నవాళ్ల కోసం కట్టు గురించి కాస్త చెబుతాను. నంద్యాలకూ ఆళ్లగడ్డకూ మధ్య రేగడి నేలల్లో ఎనిమిది ఊళ్లు కలిసి, పత్తి అమ్ముకోవడానికి 1972లో ఒక సంఘం పెట్టుకున్నాయి. కాగితాల్లో దానికి చాంతాడంత పేరుంది. మేం కట్టు అనేవాళ్లం. ఎనిమిదూళ్లూ ఒకే రకం పత్తి వేయాలి. ఆళ్లగడ్డ గోదాము నుంచి వచ్చిన విత్తనమే వేయాలి. అందరూ ఒకే పది రోజుల్లో విత్తాలి, పురుగుమందు ఒకేసారి కొట్టాలి, తీసిన పత్తిని నంద్యాల మార్కెట్లో ఒకే కుప్పగా పోయాలి. మిల్లుల తరఫున వచ్చేవాళ్లు ఆ కుప్పలో ఎక్కడ చేయి పెట్టి దూది లాగినా పింజ ఒకే పొడవు వచ్చేది. అందుకని వాళ్లే మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చేవాళ్లు. మా నాయన బతికున్నన్నాళ్లూ ఆ కుప్ప పక్కన కుర్చీ వేసుకుని కూర్చునేవాడు.

1981 మార్చిలో ఆ కుప్పలో పొట్టి పింజ బయటపడింది. బండి బండీ వెతికితే మా ఊరి పత్తిలోదని తేలింది. ఆ ఏడు ఎనిమిదూళ్లకూ ధర పడిపోయింది. కట్టుకు పెద్దగా ఉన్న శేషయ్యది గోస్పాడు పక్కన పల్లె, కోపం పట్టుకోలేని మనిషి. మా బండ్లన్నిటినీ యార్డు చివరికి తోలించి, గుండ్లవాగువాళ్లది కల్తీ పత్తి అని అందరూ వినేలా అన్నాడు.

రెండు నెలలకే పంచాయతీ ఎన్నికలు వచ్చాయి. ఎన్నికల్లో నిలబడేవాడికి అంతకన్నా మంచి సరుకు ఏం దొరుకుతుంది? కల్తీ మనది కాదు, కట్టు గోదాములోనే కలిసింది, గోదాము చూసే జ్ఞానప్రకాశం నిర్వాకం ఇది అని ఇల్లిల్లూ తిరిగి చెప్పాను. 'మన విత్తనం మన ఇష్టం' అని గోడల మీద ఎర్రటి గేరు రంగుతో రాయించాను. నలభై ఒక్క ఓట్లతో గెలిచాను. గెలిచిన పక్షం రోజులకు బడి వరండాలో రైతుల చేత చేతులెత్తించి ఊరిని కట్టులోంచి బయటికి లాగాను. మిగతా ఊళ్లు కూడా ఇదే దారి పడతాయేమోనని కట్టువాళ్లు బెదిరి, జ్ఞానప్రకాశాన్ని పనిలోంచి తీసేశారు. ఆ కబురు తెలిసిన రోజు మా ఇంట్లో పాయసం చేయించాను. ఇప్పుడు ఈ వాక్యం రాస్తుంటే సిగ్గేస్తోంది.

తర్వాత రెండు పంటలు మా ఇష్టప్రకారమే వేసుకున్నాం. ఒక్క ఊళ్లోనే అయిదు రకాల పత్తి. ఒకడు మందు కొడితే పురుగు పక్కవాడి చేలోకి పోయేది, వాడు కొట్టేసరికి తిరిగి వచ్చేది. నంద్యాలలో మా కుప్పల దగ్గరికి వచ్చినవాళ్లు దూది లాగి చూసి, పారేసి, మాట్లాడకుండా పోయేవాళ్లు. ఈలోపల హైదరాబాదులో ప్రభుత్వమే మారింది. కొత్తవాళ్లయినా ఆదుకుంటారని మావాళ్లు అర్జీలు పట్టుకుని తిరిగారు. పాతవాళ్లున్నప్పుడు ఏ బల్ల ముందు ఏ ప్రశ్న వేశారో, కొత్తవాళ్లు వచ్చాకా అదే ప్రశ్న: మీది ఏ సంఘం? సంఘం లేదని చెప్పి బయటికి వచ్చేటప్పుడు మావాళ్లు నా మొహం చూసేవాళ్లు కాదు. శేషయ్య ఉత్తరం రాగానే నాకు అంత ప్రాణం లేచి రావడానికి కారణం అదే. విత్తడానికి ఇంక నెల మాత్రమే ఉంది. ఆలోగా కట్టు విత్తనం రాకపోతే, మూడో ఏడు కూడా పోతే, సగం ఊరు చేలు వదిలేసుకోవాలి.

ఇక గురువారం పొద్దున సంగతి.

నేను పెరట్లో మొహం కడుక్కుంటుంటే ఏసమ్మ వచ్చింది. చర్చి వీధిలో ఉంటుంది. మా ఊళ్లో విత్తనం రుద్దే ఆడవాళ్లకు పాతికేళ్లుగా ఆమే పెద్ద. పత్తి గింజకు నూగు ఉంటుంది కదా, అలాగే వేస్తే ఒకదానికొకటి అంటుకుని గొర్రు మీద గింజలు పోసే జడ్డిగం గిన్నెలోంచి జారవు. పేడ, ఎర్రమన్ను నీళ్లలో కలిపి, గింజల్ని నులక మంచం మీద పోసి ఆ నీళ్లతో రుద్దుతారు. రుద్ది ఎండబెడితే గింజ నున్నగా ఉండలా తయారవుతుంది. మా పెరడు పెద్దది కాబట్టి ఊరందరి విత్తనమూ మా ఇంట్లోనే రుద్దేవాళ్లు. ఆ మంచం గోడకు ఆనించి అక్కడే ఉంది.

కూలి మాట కోసం వచ్చిందేమో అనుకుని, కట్టులో చేరాక చూద్దాంలే అన్నాను. ఆమె కదల్లేదు. కొంగు భుజం చుట్టూ కప్పుకుని మంచం వైపే చూస్తోంది. రేపు నేను ఆళ్లగడ్డ పోతున్నది నిజమేనా అని అడిగింది. నిజమే అన్నాను.

"అట్లయితే పోకముందే చెప్పల్ల. కట్టు గోదాములో ఏం కల్వలేదప్పా. ఈన్నే కలిసింది. ఈ మంచం మీద. నేనే రుద్దినా."

నాకు ముందు నవ్వొచ్చింది. తర్వాత కోపం వచ్చింది. ఎవరు చెప్పమన్నారు నీకు, శేషయ్య మనుషులెవరన్నా వచ్చారా అని అరిచాను. అరుపుకు మా అమ్మ పంచలోకి వచ్చింది. డెబ్బై దాటిన మనిషి, చూపు మందగించింది కానీ చెవులు బాగానే పనిచేస్తాయి. గోడ పట్టుకుని రెండు మెట్లు దిగి, నా ఎదురుగా నిలబడింది.

"దాన్నేం అనాకు నర్సింహా. కలిపింది నేను."

మా అమ్మ సుగుణమ్మ గొంతు పెంచడం నేను ఎప్పుడూ వినలేదు. ఆ పూట కూడా పెంచలేదు. మంచం వాల్చమని ఏసమ్మకు చెప్పి, దాని మీద కూర్చుని, మూడేళ్ల కిందటి సంగతి నిదానంగా చెప్పింది.

1980లో విత్తే కాలానికి నేను ఊళ్లో లేను, ట్రాక్టరు సామాన్ల కోసం కర్నూల్లో ఉన్నాను. గోదాము నుంచి విత్తనం లిస్టు ప్రకారం వచ్చింది. లిస్టులో ఉన్న పొలాలకు ఎంత కావాలో అంతే. కానీ ఆ ఏడే చర్చి వీధిలో పదకొండు ఇళ్లవాళ్లకు ప్రభుత్వం డి-పట్టాలిచ్చింది. జన్మలో మొదటిసారి సొంత చేను. ఆ చేలు కట్టు లిస్టుకు ఇంకా ఎక్కలేదు, కాబట్టి వాళ్లకు ఒక్క గింజ కూడా రాలేదు. ఏసమ్మ వచ్చి మా అమ్మ ముందు కూర్చుంది. మా అటక మీద మా అమ్మ అత్తగారి నాటి నుంచి ఏటేటా కొద్దిగా వేసి కాపాడుకుంటూ వచ్చిన పాత నాటు విత్తనం ఉంది. నాలుగు గంపలు. చెట్టు చూస్తే అదే చెట్టు, పువ్వు అదే పువ్వు. పింజ మాత్రం పొట్టి.

వాళ్లకే ఇచ్చి ఉంటే పోయేది కదా, ఊరందరి దాంట్లో ఎందుకు కలిపావని అడిగాను.

"వేరేగా ఇస్తే వాళ్ల పత్తి వేరేగా కనపడ్తాది. కుప్పలోనించి వాళ్లను మాత్రం ఎత్తి పారేస్తారు. మొదటి పంట నాయనా అది, వాళ్లకు. అందుకే అంతా ఒకటిగా పోసి రుద్దమన్నా. పేడ పూసినాంక ఏ గింజ ఎవురిదో దేవునికి గూడా తెల్దు. నాలుగు గంపలే గదా, అంత పెద్ద కుప్పలో ఏం తెలుస్తాదిలే అనుకున్నా. పత్తి పత్తే అనుకున్నా."

అందులో దురాశ లేదు, ఎవరి మీదా కక్ష లేదు. పదకొండు ఇళ్లవాళ్లకు నలుగురిలో తలవంపు రాకూడదని చేసిన పని. దానివల్లే ఎనిమిదూళ్ల కుప్ప పాడైంది. దాని మీదే నేను గెలిచాను.

"నాకు యాల చెప్పలేదమ్మా?" అన్నాను.

"నువ్వు యాడ విన్యావు? నంద్యాల నించి వచ్చిన కాడి నించి అరుస్తానే ఉండావు. ఆమీట ఓట్లు. ఆమీట దండలు. మెడలో దండతో వచ్చినోనికి ఏమని చెప్పల్ల?"

నేను ఏసమ్మ వైపు తిరిగాను. మూడేళ్లు నోరు మెదపనిదానివి, ఇప్పుడెందుకు వచ్చావని అడిగాను. చెబితే పదకొండు ఇళ్లనూ కట్టు నుంచి తీసేస్తారని మొదట భయపడిందట. నేను సర్పంచి అయ్యాక నన్ను చూసి భయపడిందట. ఆ రెండూ ఒప్పుకోవడానికి ఆమె ఏమీ తడుముకోలేదు.

"పోయిన వారం పాణ్యంలో పెండ్లికి పోతే జ్ఞానప్రకాశమన్న కనపడినాడు. సైకిల్ షాపు ముందర కూచోని పంచర్లు ఏస్తాండాడు. నన్ను జూసి లేచి, కుర్చీ ఏసి, 'ఏసమ్మా, మీ ఊర్లో ఈ ఏడు పత్తి బాగుండాదా' అని అడిగినాడు. అంతే అడిగినాడు. నాకు పెండ్లి కూడు దిగలా."

జ్ఞానప్రకాశం నాకు తెలియనివాడు కాదు. గింజను గోటితో గీరి, పంటి కింద పెట్టి, అది ఏ చేలో పండిందో చెప్పేవాడు. గోదాములో చెప్పులతో తిరగనిచ్చేవాడు కాదు, ఒక ఊరి మట్టి ఇంకో ఊరి సంచికి అంటుతుందని. అలాంటివాణ్ణి పట్టుకుని నిర్వాకం అన్నాను. మైకులో అన్నాను.

ఏసమ్మ వెళ్లిపోయాక నేను చాలాసేపు ఆ మంచం మీదే కూర్చున్నాను. అక్కడితో అయిపోయి ఉంటే పశ్చాత్తాపం పడి ఊరుకునేవాణ్ణి. కానీ కట్టుకు ఒక నియమం ఉంది. బయటి గింజను తెలిసి కలిపిన ఊరిని ఇక ఎన్నటికీ చేర్చుకోకూడదు. ఆ నియమం పెట్టాలని పట్టుబట్టి రాయించిన ఇద్దరిలో ఒకడు శేషయ్య, ఇంకొకడు మా నాయన. అంటే నేను నోరు మూసుకుంటే నెలలో ఊరికి విత్తనం వస్తుంది. నోరు తెరిస్తే మా అమ్మ పేరూ, ఆ పదకొండు ఇళ్ల పేరూ ఆళ్లగడ్డ హాల్లో పడతాయి, ఊరు శాశ్వతంగా బయటే ఉండిపోతుంది. నేను పోగొట్టుకునేది సర్పంచి పదవి ఒక్కటే అయితే బాగుండేదని ఆ రోజు నిజంగానే అనుకున్నాను.

శుక్రవారం పొద్దున బస్సుకు బయల్దేరుతుంటే మా అమ్మ పంచలో నిలబడి పిలిచింది. చిన్న గుడ్డమూట నా చేతిలో పెట్టింది. విప్పకుండానే తెలిసింది అందులో ఏముందో. అడుగున మిగిలిన పిడికెడు ఇంటి విత్తనం.

"చెప్తావో, మింగుతావో నీ ఇష్టం. చెప్పేటట్లయితే ఉత్త మాట ఎవురూ నమ్మరు. ఇది సూపియ్" అంది.

బస్సులో శిరివెళ్ల దాటేవరకూ చెప్పేద్దామనుకున్నాను. దాటాక ఊరి మొహాలు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. నా మాట నమ్మి చేయెత్తినవాళ్లు. నా తప్పుకు వాళ్లను రెండోసారి బలి చేయడం ఏం న్యాయం, మూట ఏ కాలవలోనో పారేసి, జ్ఞానప్రకాశానికి తర్వాత ఏదో ఒక దారి చూపిద్దాం అని సర్దిచెప్పుకున్నాను. ఆళ్లగడ్డలో బస్సు దిగేసరికి నా మనసు గట్టిపడింది. మింగేద్దామనే నిర్ణయించుకున్నాను. మూట మాత్రం పారేయలేదు, చొక్కా జేబులోనే ఉంది.

సమావేశం గోదాము పక్క హాల్లో. ఏడూళ్ల నుంచి రైతులు వచ్చారు. నేను వెళ్లగానే శేషయ్య లేచి ఎదురొచ్చి, చేయి పట్టుకుని, తన పక్క కుర్చీలో కూర్చోబెట్టాడు. రెండేళ్లలో మనిషి సగమయ్యాడు. గుండ్లవాగు పోయాక కట్టు కుప్ప కూడా చిన్నదైందనీ, మిల్లులవాళ్లు ఇదివరకులా రావడం లేదనీ, తనూ ముసలివాడైపోయాడనీ అన్నాడు. తర్వాత అందరివైపూ తిరిగాడు.

నేను కోరుకున్న మాటలన్నీ శేషయ్య నేను అడగకముందే అనేశాడు. యార్డులో తను నోరు జారాననీ, తప్పు గోదాముదై ఉంటే గుండ్లవాగును నలుగురిలో నిలబెట్టడం పాపమనీ, అందుకు తన తరఫున, కట్టు తరఫున క్షమాపణ చెబుతున్నాననీ అన్నాడు. రెండేళ్లుగా ఈ మాటల కోసమే కాచుకున్నాను. వింటుంటే కుర్చీలోంచి లేచి పారిపోవాలనిపించింది.

అక్కడితో ఆపినా బతికిపోయేవాణ్ణి. "ఇంగొకాయన గూడా వచ్చినాడు, పిలిపించినాను" అని తలుపు వైపు చూశాడు శేషయ్య.

జ్ఞానప్రకాశం లోపలికి వచ్చాడు. తెల్లచొక్కా ఉతికి ఇస్త్రీ చేసి ఉంది కానీ వేళ్ల సందుల్లో నల్లటి రబ్బరు మరక పోలేదు. గుమ్మం దగ్గర చెప్పులు విడిచి, నా ఎదురుగా వచ్చి రెండు చేతులూ జోడించాడు.

"సర్పంచప్పా, కావాలని చేసింది గాదు. ఆ గింజ యాడ కలిసిందో నాకు ఇప్పటికీ తెల్దు. రోజూ రాత్రి అదే తలుచుకుంటా. అయినా సంచులు నా చేతి మీద పోయినాయి. నాదే జవాబుదారీ. మీ ఊరు నన్ను మన్నించల్ల."

శేషయ్య నా భుజం తట్టి, గుండ్లవాగును మళ్లీ కట్టులో చేర్చుకోవడానికి ఒప్పుకునేవాళ్లు చేతులెత్తండి అన్నాడు. ఏడూళ్లవాళ్లూ ఎత్తారు. ముందు వరసా ఎత్తింది, వెనక గోడకు ఆనుకుని నిలబడ్డవాళ్లూ ఎత్తారు. శేషయ్య తనూ ఎత్తాడు. ఓటు హక్కు లేని జ్ఞానప్రకాశం ఒక్కడే చేతులు కట్టుకుని నవ్వుతూ మా ఊరి కోసం సంతోషపడుతున్నాడు.

ఆ నవ్వు చూశాక నాకు మింగడం చేతకాలేదు. ధైర్యం వచ్చి చేశానని రాయలేను. చేయి దానంతటదే జేబులోకి పోయింది. మూట తీసి బల్ల మీద పెట్టాను.

"ఏందిది నరసింహులూ, కసాపురం ఆంజనేయస్వామి ప్రసాదమా?" అన్నాడు శేషయ్య. ముందు వరసలో నవ్వారు. ఎత్తిన చేతులు ఇంకా దించలేదు.

ఎత్తిన చేయి అలాగే ఉంచి, రెండో చేత్తో మూట ఆయనే విప్పాడు. పిడికెడు గింజలు. ఆయనకేమీ తెలియలేదు, నా వైపు చూశాడు. జ్ఞానప్రకాశం మాత్రం రెండడుగులు ముందుకొచ్చాడు. ఒక గింజ తీసుకుని, వేళ్ల మధ్య దొర్లించి, గోటితో నూగు గీరి, కిటికీ వెలుతురుకు పట్టి చూశాడు. పంటి కింద పెట్టలేదు, ఆ అవసరం రాలేదు.

"రెండేండ్ల నించి దీనికోసమే వెతుకుతాండా" అన్నాడు మెల్లగా. "ఇది యాడ దొరికింది సర్పంచప్పా?"

"మా ఇంట్లో" అన్నాను.

హాల్లో లేచి ఉన్న చేతుల్లో మొట్టమొదట దిగింది శేషయ్యది.